ఇంక్యుబేటర్‌కు ఆయుధపూజ

ఆ రోజుల్లో నాకున్నంత భక్తీ, నాకున్నంత తెలివితక్కువతనమూ బీదరులో మరొకరికి ఉండి ఉండవని ముందే ఒప్పుకుంటాను. మన్నళ్ళిలో రైతు ఇంట పుట్టి, చదువు ముగించి, కణాలు పెంచే ప్రయోగశాలలో కొత్తగా చేరాను. బర్రె చర్మం నుంచి తీసిన కణాలవి. గులాబి రంగు ద్రవం పోసిన సీసాల్లో, ఇంక్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో పెరుగుతాయి. (అమ్మకు చెబితే, "పాలియ్యని బర్రెను సాకుతున్నవా బిడ్డా?" అంది.) అవి మా సీనియర్ అక్క మూడు నెలల కష్టం. ఆమె పీహెచ్‌డీ అంతా ఆ సీసాల్లోనే ఉంది.

దసరా వచ్చింది. మా వైపు ఆయుధపూజకు నాగలి నుంచి కంప్యూటరు దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. అందరూ ఇంక్యుబేటర్‌కు బయట బొట్టు పెట్టి సెలవుకు వెళ్ళిపోయారు. నాకు మనసొప్పలేదు. పని జరిగేది లోపల కదా. తలుపు తీసి, ఊదుబత్తి తిప్పి, మా చేనులోని బంతిపువ్వొకటి అరలో పెట్టి, దండం పెట్టుకొని ఊరికి పోయాను.

సెలవులయ్యాక అక్క ఒక సీసా వెలుగుకు ఎత్తి చూసింది.

"ఏందిది? దూది లెక్క తేలుతాంది."

"పూజ చేసిన అక్కా."

"అందరం చేసినం. నువ్వు యాడ చేసినవ్?"

"లోపల. దేవుడు లోపలనే ఉంటడు గదా."

"దేవుని సంగతి తెల్వది గని, బూజు మాత్రం సల్లగ కూసున్నది."

పూజకూ బూజుకూ ఎంత దగ్గరి చుట్టరికమో ఆ పూట తెలిసింది. పువ్వు మీది బూజు అన్ని సీసాలకూ పాకింది. సీసాలన్నీ పారేశాం. అక్క తిట్టలేదు, తిట్టినా బాగుండేది. గడ్డకట్టించి దాచిన కణాల బుడ్డి ఒక్కటే మిగిలింది. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇది గూడ పోతే నా చదువు పోయినట్టే. నువ్వే పెంచు, పూజారీ," అంది. ఆ పేరు నాకు ఖాయమైపోయింది. రెండు నెలలు మోచేతుల దాకా స్పిరిటు రుద్దుకొని, సీసాల ముందు ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటూ పెంచాను. అక్క మాత్రం రోజూ పొద్దున్నే, "జేబులు సూపియ్యి పూజారీ, పూలున్నయేమో," అనేది. కణాలు బతికాయి. సీసా అడుగంతా పచ్చికలా పరుచుకున్నాయి.

అంతలో అక్కకు పెళ్ళయింది. పెళ్ళి సెలవు ముగియకముందే, జడనిండా మల్లెపూలు, చేతికి పసుపు కంకణంతో కణాలను చూసుకోవడానికి వచ్చింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"పూలతోని లోపలికి రావద్దక్కా."

"నా కణాలురా అవి."

"అద్దంలకెల్లి సూడు. మంచిగ కనవడతయ్."

ఆమె నవ్వాపుకుంటూ తలుపు అద్దానికి ముక్కు ఆనించింది. నేను లోపల ఒక్కో సీసా నిదానంగా ఎత్తి చూపించాను. చివరిది చూపించడానికి కావాలనే ఇంకొంచెం ఆలస్యం చేశాను. ఆ వయసులో నాకు తెలిసిన పగ అంతే. ఇప్పటికీ అంతకు మించి చేతకాదు.