సీసాను గోటితో మీటే మేడమ్

భద్రాచలం రోడ్డు మీద చేపలమ్ముతాను. ఒక పొద్దున బస్సు చెడిపోతే, అందులోంచి ల్యాబు మేడమ్ ఒకామె డబ్బా పట్టుకుని నా దగ్గరికి ఉరికొచ్చింది. డబ్బాలో మంచు కరిగిపోయింది. నడుమ చిటికెన వేలంత సీసా. మాటకోసారి దాన్ని గోటితో టిక్కుమని మీటేది.

"అవ్వా, జల్దీ మంచు ఇయ్యి! వేడెక్కితే నా ఏడాది పని పాడైతది."

"ఏముంది బిడ్డా గందుల?"

"మన ఒంట్ల కబురు మోసే చీటీల లెక్క తిరిగేటియి ఉంటయ్, ఆర్ఎన్ఏ అంటరు. వాటి మీద ఒక్క అక్షరం మార్చే ఎంజైమ్. మనిషి ఒంట్ల ఉండేదే, ల్యాబుల తయారు చేసినం."

"నాకే అక్షరాలు రావు, దానికెట్లొచ్చినయే?"

పకపకా నవ్వి మళ్లీ మీటింది.

మొగుడు పోయాక నన్ను సాకుతున్నది ఈ చేపల బుట్టే. బోణీ కాకుండా మంచు ముక్క కూడా ఊరికే ఇవ్వను. "ఒక్క చేప కొను, మంచు ఎంతన్నా తీస్కో" అన్నాను.

"నేను చేపలు తిననవ్వా!"

"తినకు, పట్టుకో!"

ఆమె ఇంకో బస్సు ఎక్కేటప్పుడు ఒక చేతిలో మంచు నిండిన డబ్బా, ఇంకో చేతిలో తోక కొట్టుకుంటున్న బొచ్చె చేప. కండక్టర్ ముక్కు మూసుకున్నాడు.

నాలుగు రోజులకు బస్సు కిటికీలోంచి ఆమె కేక: "అవ్వా, మార్చింది! అక్షరం మార్చింది!"

రోడ్డు మీదే గంతులేశాను. ఏ అక్షరమో అడగనేలేదు.