శుక్రవారం పువ్వు కోసం బందరు దాకా

నా ప్రయాణాల కబుర్లు విన్నవాళ్ళకి తెలుసు, నేను చూసిన ఊళ్ళకంటే చూడని ఊళ్ళ గురించే బాగా చెబుతాను. కాశ్మీరులో పడవ మీద వంకాయతోట వేయించాను. రాజస్థాన్‌లో ఒంటె చేత తూములు తెరిపించాను. విన్నవాళ్ళు నవ్వి వదిలేశారు. ఇది మాత్రం నిజంగా చేసిన ప్రయాణం. బెజవాడ నుంచి బందరుకి, తొంభైల చివర్లో, ఒక జూలై శుక్రవారం. నవ్వకుండా నమ్మినవాడు ఒకడుండబట్టి చేయవలసి వచ్చింది.

వాడు మస్తాన్. బడి నాటి స్నేహితుడు. వన్‌టౌన్‌లో ట్రంకుపెట్టెల దుకాణం, గుణదలలో కొండ కింద ఇల్లు. భార్య రజియా అంతకు ముందు ఏడు పోయింది. పెళ్ళై వచ్చేటప్పుడు బందరులోని పుట్టింటి నుంచి ఆమె ఒక నాటు గులాబీ కొమ్మ తెచ్చి నాటుకుంది. ఆమె పోయాక ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక, మస్తాన్ ఆ చెట్టు పూలే కోసుకెళ్ళి సమాధి మీద ఉంచేవాడు. బజారు పూలు ఎన్నడూ కొనలేదు.

ఏప్రిల్‌లో వాడు అడిగాడు, పూలు తగ్గాయిరా, ఏం వెయ్యాలి అని. తెలీదని చెప్పడం నాకు అలవాటు లేదు. ఊటీలో ఒక ముసలి తోటమాలితో రెండు రోజులు గడిపానని, అతను వారం వారం పచ్చి వేరుశనగ చెక్క, దాని మీద గుప్పెడు యూరియా వేస్తాడని, పువ్వు పళ్ళెమంత పూస్తుందని చెప్పాను. మస్తాన్ వారం తప్పకుండా వేశాడు. రోహిణి కార్తె వచ్చింది. పగలంతా తాగిన ఎండని గుణదల కొండ రాత్రంతా కక్కుతుంది. పది రోజుల్లో చెట్టు మోడైంది. తవ్వి చూస్తే వేళ్ళు నల్లగా మాడి, చెక్క కుళ్ళిన కంపు.

"నా చెయ్యి మంచిది కాదురా మూర్తీ," అన్నాడు మస్తాన్. "ఆమె చేతికే పూసేది."

అప్పుడైనా నోరు విప్పవలసింది. విప్పలేదు. ఆ తర్వాత ఐదు శుక్రవారాలు వాడు ఉత్త చేతులతో సమాధి దగ్గరికి వెళ్ళి వచ్చాడు. ఆరో శుక్రవారం పొద్దున్నే, వాడికి చెప్పకుండా నేను బందరు బస్సెక్కాను.

ఆరింటికి కదిలింది. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోకండి, కంకిపాడు దాటేదాకా ఎండ మొహం మీదే కొడుతుంది. కాలవలకి నీళ్ళు వదిలారు, నారుమళ్ళు పచ్చబడుతున్నాయి. ఉయ్యూరులో ఒక రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఏ పని మీద అని అడిగాడు. గులాబీ కొమ్మ కోసమన్నాను. మా ఆవిడ కూడా వేసిందండీ, మొగ్గ రాలిపోతోంది, దానికేం వెయ్యాలండీ అన్నాడు. నాలుక దురద పెట్టింది. రాజస్థాన్ ఒంటె కూడా కళ్ళ ముందుకి వచ్చి నిలబడింది.

"నాకు తెలీదండీ," అన్నాను.

అంత చిన్న మాటకి ఒళ్ళంతా చెమట పట్టింది. ఆయన మాత్రం పామర్రు దాకా హాయిగా నిద్రపోయాడు.

ఎనిమిదింబావుకి బందరు. బస్టాండు ఎదుట ఇడ్లీ బాగుంటుంది, చట్నీలో కారం ఎక్కువ. అక్కడి నుంచి రిక్షాలో రజియా అక్క అమీనా ఆపా ఇంటికి వెళ్ళాను. రజియా కొమ్మ తెచ్చుకున్న తల్లి చెట్టు పెరట్లో నడుమెత్తున ఉంది, నిండా పూలు. ఉప్పుగాలి ఆకుల్ని కాలుస్తుందని ఆపా రోజూ పొద్దున్నే ఆకుల మీద మంచినీళ్ళు చల్లుతుందట. బావి నీళ్ళు ఉప్పన, అందుకని వాననీళ్ళు పట్టి పోస్తుందట. అదీ కొలిచినట్టు.

చెల్లెలి చెట్టుకి ఏమేం వేశారో చెబితే విని, ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎండల్లో మొక్క ఉపవాసం ఉంటుందండీ. ఉపవాసం ఉన్నవాళ్ళ నోట్లో అన్నం కుక్కుతామా? నీళ్ళిచ్చి నీడ పట్టాలి గానీ. ఎవరు చెప్పారు మస్తానుకి?"

ఊటీ తోటమాలి నోటిదాకా వచ్చాడు. మింగేశాను.

"నేనే ఆపా."

ఆమె నన్ను తిట్టలేదు. కత్తెర తెచ్చి పెన్సిలంత లావు కొమ్మలు మూడు కోసి, తడి గోనెలో చుట్టి, అరటి దొప్పలో పెట్టింది. ఏటవాలుగా నాటాలి, కుండీని ఇటుకల మీద పెట్టాలి, పొద్దుటి ఎండ చాలు, మొదలు చుట్టూ ఎండాకులు పరవాలి, చిగురు గట్టిపడేదాకా ఎరువు ఊసెత్తకూడదు, ఆ తర్వాతైనా బాగా మాగిన పశువుల ఎరువే, అదీ వానల్లోనూ చలికాలంలోనూ. బందరు లెక్క బెజవాడకి పనికిరాదని రెండుసార్లు చెప్పింది. చివర్లో పూలన్నీ కోసి ఆకులో కట్టి నా చేతికిచ్చింది.

"ఇవి మా చెల్లికి. ఇందాక నాతో అన్న మాట అక్కడ చెప్పండి."

పదకొండింటి బస్సు పామర్రు దగ్గర టైరు పంక్చరై గంటసేపు ఆగింది. పూలపొట్లాన్ని నీడలో పట్టుకుని, జేబురుమాలు కాలవలో తడిపి తెచ్చి కప్పుతూ నిలబడ్డాను. బెంజ్ సర్కిల్లో దిగి ఆటో పట్టుకుని శ్మశానం చేరేసరికి మూడు దాటింది. మస్తాన్ అప్పటికే తిరిగి వెళ్ళబోతున్నాడు.

పొట్లం విప్పాడు. ఆ వాసన వాడికి తెలుసు. ఎక్కడివని అడగలేదు. ఒక్కొక్క పువ్వూ పేర్చాడు. వాడు లేచేదాకా ఆగి చెప్పాను.

"ఊటీ తోటమాలి లేడురా. నేను ఊటీ వెళ్ళనే లేదు. చెట్టుని చంపింది నా మాట, నీ చెయ్యి కాదు."

వాడు సమాధి వైపే చూస్తున్నాడు. బయటికి వచ్చి స్కూటరు స్టార్టు చేశాడు. ఎక్కమనలేదు, వద్దనలేదు. దొప్పని ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. గుణదల మలుపు వచ్చింది. అక్కడ వేగం తగ్గించాడు.

"నువ్వొచ్చి వెళ్ళాక రజియా నవ్వేది. ఆయన కబుర్లలో సగం కూడా నమ్మకండి అనేది," అన్నాడు. "చెప్పడానికి ఆమె లేదు కదరా. నమ్మేశాను."

ఆ సాయంత్రం మూడు కొమ్మలూ వాడే నాటాడు. కుండీ కింద ఇటుకలు నేను సర్దాను. బందరు రానూపోనూ ఒక పూట ప్రయాణం, ఎవరైనా వెళ్ళి రావచ్చు. దారిలో ఎవరైనా నన్ను గులాబీల గురించి అడిగితే, ఇప్పటికీ ఆపా చెప్పినంతవరకే చెబుతాను.