శ్రీహరి ముఖం చూస్తేనే తెరుచుకునే ఫోన్లు

కొనకనమిట్లలో గొర్రెల కాపరుల సంఘానికి రెండు గదుల ఆఫీసు ఉంది. దానికి కార్యదర్శి శ్రీహరి. గిద్దలూరు మనిషి, యాభై నాలుగేళ్లు. తనకు తెలియని విషయం ఒకటుందని ఆయన ఇంతవరకూ ఒప్పుకున్న దాఖలా లేదు. ఆఫీసుకు రెండు స్మార్ట్‌ఫోన్లు కొనాలని సంఘం తీర్మానించినప్పుడు, ఏవి కొనాలో తేల్చే భారం ఎవరూ పెట్టకుండానే నెత్తికెత్తుకున్నాడు.

ఆ రెండింటినీ అయిదుగురు సిబ్బంది పంచుకోవాలి. ఊళ్లు తిరిగే నాగజ్యోతి, "ఎండలో అక్షరాలు కనపడాల సార్, అంతే" అంది. కంప్యూటర్ దగ్గర కూర్చునే స్టెల్లా, ఛార్జింగ్ రెండు రోజులు నిలిస్తే చాలంది. ఈ చిన్న మాటలు శ్రీహరి చెవికెక్కలేదు. నెల రోజులు వీడియోలు చూసి, మార్కాపురంలో ప్రతి దుకాణం మెట్లూ ఎక్కి దిగి, చివరికి తళతళలాడే పల్చటి జత ఒకటి పట్టుకొచ్చాడు. అవి మనిషి ముఖం చూసి తెరుచుకుంటాయి. భద్రత ముఖ్యమని రెండింటికీ తన ముఖమే పెట్టాడు. అంకెల తాళం కూడా ఉందిగానీ, అది ఎవరికీ చెప్పలేదు. అయిదుగురు మనుషులు, రెండు ఫోన్లు, ఒక్క ముఖం. ఇంత తెలివి తనకెలా వచ్చిందా అని ఆ రోజు ఆశ్చర్యపోయాడు. ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నాడు, కాకపోతే వేరే రకంగా.

అప్పటి నుంచి పొద్దున్నే సిబ్బంది వచ్చి, మంగలి షాపులో అద్దం పట్టినట్టు, ఆయన ముందు ఫోన్ పట్టేవాళ్లు. ఆయన గడ్డం ఎత్తి, మీసం సవరించుకుని చూసేవాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన ముఖానికి విలువ రావడం అదే మొదటిసారి.

సంఘం మీటింగులో ఫోన్లకు మెప్పు వస్తే తలనీలాలిస్తానని వెంకన్నకు మొక్కుకున్నాడు. అధ్యక్షుడు వాటి వైపు చూడకుండానే "బాగుండాయిలే" అన్నాడు. శ్రీహరికి అది చాలు. తిరుమల పోయి, జుట్టుతో పాటు పాతికేళ్ల మీసం కూడా ఇచ్చి వచ్చాడు.

సోమవారం ఆఫీసులో నాగజ్యోతి ఎప్పటిలాగే ఫోన్ పట్టింది. అది తెరుచుకోలేదు. శ్రీహరి వెలుతురు వైపు తిరిగాడు. కళ్లజోడు తీశాడు. చూపుడు వేలు పై పెదవి మీద మీసంలా అడ్డం పెట్టుకున్నాడు కూడా. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ సిగ్గుపడతాడు. ఫోన్ ఇక ముఖం వద్దని అంకెలడిగింది. అవి ఆయనకు గుర్తు లేవు.

అంతలో ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగింది. పక్క ఊరి నుంచి సంఘం సభ్యురాలు యల్లమ్మ. "నాయనా, నా గొర్రె సచ్చిపోయింది. ఫొటో తీసినాంకనే పూడ్చాలంట గదా. ఎండెక్కతాంది, బిర్రన రాండి."

గొర్రె చెవిపోగు మీది నంబరు కనపడేలా, పక్కన యజమాని ఉండేలా, ఆఫీసు ఫోన్‌తోనే ఫొటో తీయాలి. లేకపోతే బీమా రాదు. ఆ నియమం పెట్టించింది శ్రీహరే. యల్లమ్మకు ఉన్నవే నాలుగు గొర్రెలు. తన గుండు వల్ల ఆమెకు రావలసింది పోతుందేమోనని గబగబా అంకెలు కొట్టడం మొదలుపెట్టాడు. పెళ్లి తేదీ కొట్టాడు. బండి నంబరు కొట్టాడు. ఏదీ పని చేయలేదు.

స్టెల్లా కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "నాలుగు, సున్నా, తొమ్మిది, ఏడు సార్" అంది.

తెరుచుకుంది. "నీకెట్ల తెలుసమ్మా?"

"కొన్నరోజు నొక్కతా పైకి చదివినారు గద సార్. అందరికీ తెలుసు. టీ కొట్టాయనక్కూడా."

"మరి రోజూ నా ముందర ఫోన్ ఎందుకు పడతాండారు?"

నాగజ్యోతి నేల చూపులు చూసింది. "మీరు సంతోషపడతారని సార్."

శ్రీహరి ఫోన్ జేబులో వేసుకున్నాడు. నాగజ్యోతిని వెనక ఎక్కించుకుని బండి తీశాడు.

దొడ్డి దగ్గర యల్లమ్మ గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. శ్రీహరి ఫోన్ ఎత్తితే ఎండకు ఏమీ కనపడలేదు. నాగజ్యోతి తన చున్నీతో నీడ పట్టింది. ఫొటో పడింది, నంబరు స్పష్టంగా వచ్చింది.

అప్పుడు యల్లమ్మ తలెత్తి ఆయన గుండు చూసింది, మీసం లేని మూతి చూసింది. "అయ్యో నాయనా! అమ్మ పోయిందా, నాయన పోయినాడా? ఇంత దుఃఖంలో ఉండి నా గొర్రె కోసం వచ్చినావా?" అని ఆయన చేయి పట్టుకుని ఏడ్చేసింది. అంతవరకూ తన గొర్రె కోసం కూడా ఏడవని మనిషి.

శ్రీహరి ఊరుకుంటే మర్యాద దక్కేది. "ఎవురూ పోలేదు పెద్దమ్మా. మొక్కు."

"ఏం మొక్కు నాయనా?"

"ఈ ఫోన్ కోసం."

యల్లమ్మ ఫోన్‌ను చూసింది, గుండును చూసింది, మళ్లీ ఫోన్‌ను చూసింది. కళ్లనీళ్లు ఇంకా ఆరకముందే, పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వుతుంటే ఆయన పక్కనే గొంతుక్కూర్చుని, గుండు తడుముకుంటూ, తనూ నవ్వాడు.

తిరిగి వెళ్లేటప్పుడు ఫోన్ నాగజ్యోతికిచ్చి, అందులోంచి తన ముఖం ఎట్ల తీసేయాలో నేర్పమని అడిగాడు.