మడత చాకు గాడిలో కంపు

నా మొదటి మడత చాకును మదనపల్లె మార్కెట్ యార్డు బయట, తోపుడుబండి మీద కొన్నాను. మెరుపు చూసి మోసపోయాను. చెంచా, సీసా మూత తీసేది, చిన్న రంపం, అన్నీ ఒకే పిడిలో మడిచి ఉండేవి. టమోటా తోటలో పురికొస కోద్దామని తీస్తే, కోసే అలుగు అటూ ఇటూ ఊగేది. వానలు మొదలయ్యేసరికి పైపూత పొక్కులు లేచి కింద తుప్పు పట్టింది. ఒకసారి దానితో జామకాయ కోస్తే ముక్క మీద గోధుమరంగు చార పడింది. నోట్లో పెట్టుకున్నదాన్ని ఉమ్మేసి, ఆ చాకును పాత ఇనుము కొనేవాడి గంపలో పడేశాను.

మాది పుంగనూరుకూ బైరెడ్డిపల్లెకూ నడుమ ఒక మెట్ట పల్లె. కొంచెం టమోటా, కొంచెం మల్బరీ, ఒక దొడ్డి గొర్రెలు. పొద్దు పొడిచింది మొదలు ఏదో ఒకటి కోస్తూనే ఉండాలి. కొడవలిని నడుముకు చెక్కుకుని బస్సెక్కలేం కదా. అందుకే రెండోసారి పుంగనూరు సంతకు పోయి, కత్తులు అమ్మే ఆయన ముందు కూర్చున్నాను.

"ఇంట్లో మొగోళ్ళు రాలేదా అమ్మా?" అన్నాడు ఆయన.

"కోసేది నేనేనప్పా. నాకు నచ్చాల గదా," అన్నాను.

ఈసారి మెరుపు జోలికి పోలేదు. ఒక్కో చాకు తెరిచి, మడిచి చూశాను. మడిచినప్పుడు అలుగు పిడిలోని గాడికి సరిగ్గా నడుమన దిగాలి, పక్కలకు ఒరుసుకోకూడదు. తెరిచినప్పుడు వేలితో నొక్కితే కదలకూడదు. కొన్ని మరీ వదులుగా ఉన్నాయి, జేబులోనే తెరుచుకునేలా. చివరికి చెక్క పిడి ఉన్నదొకటి దొరికింది. తెరవడానికి గోరు నొప్పి పుట్టేంత బిగువు. అదే తీసుకున్నాను.

దాన్ని నేను శుభ్రంగా చూసుకున్నాను. వాడిన వెంటనే కడిగి, కొంగుతో తుడిచి, తడి ఆరేదాకా తెరిచే ఉంచేదాన్ని. తడిగా మడిస్తే గాడిలో ఏదో ఒకటి కుళ్ళుతుంది. అలుగు తిరిగే రివిటు బిగుసుకుంటే ఒక చుక్క ఆముదం. పండ్లకూ, కూరగాయలకూ, తాళ్ళకూ తప్ప దాన్ని వాడనిచ్చేదాన్ని కాదు. గొర్రెల గిట్టలు చెక్కడానికి కొట్టంలో వేరే పాత కత్తి ఉంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా మరిదికి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే రెండు మూడుసార్లు వాడితోనే గొడవపడ్డాను.

మా మరిది గొర్రెల వ్యాపారి. మా దొడ్డి పక్కనే వాడి దొడ్డి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మెడలో గొలుసు, ఒంటి నిండా సెంటు. వాడు పక్కన నిలబడితే వాడి గొర్రెల వాసన కూడా మనకు తెలియదు.

మా అక్కను కుప్పం దగ్గర, గుడుపల్లె వైపు ఇచ్చారు. ఆమె మనవరాలికి చెవులు కుట్టించే పండగ పెట్టుకుంది. విందుకు కావాల్సిన మాంసం మా మరిదే తెస్తానని ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే వాడి దొడ్డిలో ఒక పొట్టేలు కడుపుబ్బి, నోట నురగ కారుస్తూ పడి ఉండటం చూశాను. అడిగితే, "సూది ఏపించినా వదినా, బాగుండాది ఇప్పుడు," అన్నాడు. మరుసటి రోజు ఆ పొట్టేలు దొడ్డిలో లేదు. గోడ మేకుకు తగిలించిన నా చాకు కూడా లేదు. సాయంత్రానికి చాకు మాత్రం మేకు మీదికి వచ్చింది, మడిచి ఉంది. ప్రయాణం హడావిడిలో దాన్ని తెరిచి చూడకుండానే సంచిలో వేసుకుని, నేనూ మా ఆయనా పొద్దున్నే కుప్పం బస్సెక్కాం.

అక్క ఇంటి వెనక షామియానా కింద ఆడవాళ్ళం కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాం. కత్తిపీటలు చాలక నేను నా చాకు తీశాను. అది తెరుచుకోలేదు. బలంగా లాగాను. జిగటగా, చప్పుడు చేస్తూ వచ్చింది. దానితో పాటు వచ్చిన కంపుకు నా పక్కనున్నావిడ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచిపోయింది.

అలుగు మీద నల్లటి నెత్తురు అట్టలు కట్టి ఉంది. గాడి నిండా బొచ్చు, పచ్చగా మారిన కొవ్వు. ఆ కొవ్వులో ఏవో కదులుతున్నాయి. రెండు నా ఒళ్ళో ఉన్న ఉల్లిగడ్డ మీద పడ్డాయి. తెల్లగా, రవ్వ గింజల్లా సన్నటి పురుగులు. నేను పక్కకు పోయి కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

మూతి కడుక్కుంటుంటే పొయ్యి మీద ఉడుకుతున్న కూర వాసన వచ్చింది. అప్పుడు నాకు పొట్టేలు గుర్తొచ్చింది.

మరిది వక్క నములుతూ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పోయి చాకు చూపించాను.

"దీంతో ఏం కోసినావప్పా?"

"గొర్రెనే కోసినా. ఇంకేం కోస్తారు వదినా?"

"ఆ ఉబ్బిన పొట్టేలునేనా?"

వాడు వక్క ఉమ్మడానికి పక్కకు తిరిగాడు.

"బతికుండంగా కోసినావా, సచ్చినాక కోసినావా?"

వాడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి నవ్వాడు. "నేను పొయ్యేతలికి ఇంకా ఎచ్చంగానే ఉండె వదినా. గమ్మునుండు."

ఎచ్చంగానే ఉండె. అంటే చచ్చి ఇంకా చల్లారలేదని. ఆ మాట ఇప్పటికీ చెవిలో పడితే నా నాలుక కింద నీళ్ళు ఊరతాయి, కక్కు వచ్చే ముందు ఊరినట్టు.

అక్కనూ బావనూ లోపలికి పిలిచి చెప్పాను. అక్క తల పట్టుకుని కూలబడింది. బావ మాత్రం వాకిట్లోని జనాన్ని చూశాడు. "ఊరంతా వచ్చేసినారు. ఇప్పుడు పారబోస్తే మన మర్యాద ఏంగావాల? బాగా ఉడికితే ఏం గాదులే. మసాలా ఇంకొంచెం ఎక్కువ ఎయ్యమని చెప్తా."

పొట్టేలు చచ్చినందుకు కాదు, చాకు పాడైనందుకు కాదు, ఆ మాటకు నాకు ఒళ్ళంతా జలదరించింది. బట్టలు మంచివి కట్టుకున్న మనుషులు, నుదుట బొట్టు, చేతిలో తాంబూలం పళ్ళెం. ఆ చేతులతోనే వడ్డించడానికి సిద్ధమయ్యారు. నేను చాకును తీసుకెళ్ళి బావ ముక్కు దగ్గర పెట్టాను.

"ఇది పీల్చి, ఆ పాప నోట్లో ఒక ముక్క పెట్టు బావా. నువ్వు పెడితే నేను నోరెత్తను."

ఆయన మొహం తిప్పుకున్నాడు. తర్వాత వంటవాళ్ళ దగ్గరికి పోయి పొయ్యి ఆర్పమన్నాడు.

అక్కవాళ్ళ మల్బరీ తోట చివర గుంత తీసి కూరంతా పోసి, కుక్కలు తవ్వకుండా సున్నం చల్లి పూడ్చారు. విందు ఆలస్యమైంది. సంగటి, పప్పు, వంకాయ కూరతో సరిపెట్టారు. వచ్చినవాళ్ళు గొణిగారు. చెవులు కుట్టించుకున్న పాప మాత్రం నెయ్యి వేసిన సంగటి కడుపు నిండా తిని నిద్రపోయింది. మరిది ఎప్పుడు బండెక్కి పోయాడో ఎవరూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన, "పది మందిలో మావోడి పరువు తీసినావు," అన్నాడు. ఆయన భుజం తగలడానికి కూడా మనసొప్పక నేను కిటికీకి జరిగి కూర్చున్నాను.

చాకును మరిగే నీళ్ళలో వేశాను. బూడిదతో తోమాను. గాడిలో సూది పెట్టి గోకాను. ఎండలో పెట్టాను. చివరికి రివిటు ఊడగొట్టించి, రెండు చెక్కలూ విడదీసి, కొత్త రివిటు వేయించాను. ఇప్పుడు దానిలో ఏమీ లేదు, నాకు తెలుసు. అయినా దానితో కాయ కోయాలంటే చెయ్యి రాదు. పురికొసకు వాడుతున్నాను, అంతే.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం మరిది, రాజీ కోసం కాబోలు, నల్ల కవరులో మాంసం పంపించాడు. మా ఆయన దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, "తమ్ముడు పంపినాడు, వండు," అన్నాడు.

"నువ్వే వండుకో," అన్నాను.

ఆయన కవరు ముడి విప్పాడు. లోపలికి చూశాడు. మాంసం ఎర్రగానే ఉంది, చూడటానికి ఏ తప్పూ లేదు. అయినా మళ్ళీ ముడి వేసి, కవరూ పారా తీసుకుని పెరట్లోకి పోయాడు. తిరిగొచ్చి చేతులు చాపితే నేను చెంబుతో నీళ్ళు పోశాను. ఇద్దరం ఆ పూట చింతపండు చారుతో తిన్నాం.