దోమలు పెంచే కోడలు

మొగుడు పులికి మాంసం వేస్తాడు, పెళ్ళాం దోమలకు చెయ్యి ఇస్తుంది. ఆ ఇంటి సంగతి ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

అతను జంతుప్రదర్శనశాలలో పులి బోను చూసుకునే మనిషి. వీధి వీధంతా అతన్ని పులాయన అంటుంది. పాల దుకాణం దగ్గర ఎంత పెద్ద వరస ఉన్నా అతనికి ముందు చోటు ఇస్తారు. పులి ఎంత తింటుంది, ఎప్పుడైనా మీద పడిందా అని అడగనివాడు పాపాత్ముడు. వీధిలో పులి, ఇంట్లో పిల్లి అనుకోండి, అది వేరే సంగతి.

ఆమె పరిశోధనాలయంలో దోమలు పెంచుతుంది. నవ్వకండి, అదేమంత తేలిక పని కాదు. తెల్లటి పళ్ళేలలో నీళ్ళు, ఆ నీళ్ళలో మెలికలు తిరిగే పిల్ల పురుగులు. చేపల మేత మెత్తగా పొడి చేసి వాటికి చిటికెడు చల్లాలి. ఎక్కువైతే నీళ్ళు కుళ్ళుతాయి, తక్కువైతే పురుగులు బక్కచిక్కిపోతాయి. రెక్కలొచ్చాక వలగుడ్డ కట్టిన పెట్టెల్లోకి మార్చి, పంచదార నీళ్ళలో ముంచిన దూది పెట్టాలి. గుడ్లు పెట్టాలంటే ఆడదోమకు రక్తం కావాలి కదా, అందుకని ఆమె మోచేతిదాకా చెయ్యి పెట్టెలో పెట్టి కూనిరాగం తీస్తూ కూర్చుంటుంది. రోగంలేని దోమలు కాబట్టి దద్దుర్లు తప్ప మరే హానీ లేదు. కొత్త దోమతెర పనిచేస్తుందో లేదో తేల్చాలంటే ఆమె పెంచిన దోమలే దిక్కు. ఆ పనంటే ఆమెకు మహా ఇష్టం. కుట్టేవన్నీ ఆడవేనట కదా అని మొగుడు ఆటపట్టిస్తే, ఇంట్లోనూ ఇద్దరం ఉన్నాం, చూసి మసలుకోండి అనేది.

రెండో ఆడమనిషి అత్తగారు. రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి, కొడుకు మెట్టెక్కగానే, "చేతులు చూపించు," అనేది. అరచేతులు తిప్పి చూసి, వేలువేలూ తడిమి, అప్పుడుగానీ లోపలికి రానిచ్చేది కాదు. వెనకే వచ్చిన కోడలి చేతిమీద దద్దుర్లు కనబడితే మాత్రం, గోక్కోకు పుండవుతుంది అని ఒక ముక్క విసిరి వంటింట్లోకి పోయేది. పక్కింటివాళ్ళు అడిగితే కోడలు గాజుసీసాలు కడిగే ఉద్యోగం చేస్తోందని చెప్పేది. దోమలు పెంచుతోందంటే నలుగురూ నవ్విపోరూ! ఆవిడ చెడ్డదని కాదు. కోడలికి తలనొప్పి వస్తే రాత్రంతా పక్కనే కూర్చునే మనిషే. కాకపోతే ప్రమాదమంటే ఆవిడ లెక్కలో కోరలుండాలి, గోళ్ళుండాలి.

కోడలికి బాధగా ఉండేది. ఇల్లు విడిచిపోయేంత బాధ కాదు, రోజూ ఆ గుమ్మం దాటేటప్పుడు కలుక్కుమనే బాధ. తన చేతులు కూడా ఎవరైనా ఒక్కసారి అలా తిప్పి చూస్తే బాగుండుననిపించేది. అడిగి చూపించుకుంటే అందులో ఏముంది?

ఒకరోజు పై అధికారి మేడమ్ పిలిచి, లోపలి గదికి చెయ్యి వణకని మనిషి కావాలి, వస్తావా అని అడిగింది. లోపలి గదిలోవి జబ్బు మోసే దోమలు. కుట్టాయంటే జ్వరం, జ్వరం ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది. ఆమె సరేనంది. భయం ఉంది, అంతకు మించిన సంతోషమూ ఉంది. ఇంటికొచ్చేసరికి అక్కడ వేరే హడావిడి. ఆ మధ్యాహ్నమే పులి ఊచల్లోంచి పంజా చాపి మొగుడి చొక్కా చెయ్యి చీరేసింది. ఆ చిరుగు చూడ్డానికి సగం వీధి ఇంట్లోనే ఉంది. అందరూ వెళ్ళాక భోజనాల దగ్గర ఆమె తన కబురు చెప్పింది.

"దోమలేగా," అంది అత్తగారు, చొక్కా కుట్టడానికి సూదిలో దారం ఎక్కిస్తూ. ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

మొగుడు మాత్రం ముద్ద చేతిలోనే పట్టుకుని ఆమె వంక చూశాడు. ఆ గదికి ఎన్ని తలుపులని అడిగాడు. మూడని చెప్పింది. నా పులికి రెండే అన్నాడు.

ఆ గదిలో దోమ ఎక్కడ వాలినా కనబడాలని గోడలు, బల్లలు, వేసుకునే కోటు అన్నీ తెలుపే. ఎన్ని దోమలు లోపలికెళ్ళాయో పని ముగిశాక అన్నీ లెక్క తేలాలి. తేడా వస్తే గదిలోంచి ఎవరూ కదలకూడదు.

చాలా నెలలు ఏ తేడా రాలేదు. తరవాత ఒక సాయంత్రం వచ్చింది. ఒక్క దోమ తక్కువైంది.

గదిలో ఆమె, మేడమ్ ఇద్దరే. గోడలు వెతికారు, బల్లల కింద వెతికారు, ఒకరి వీపు ఒకరు చూసుకున్నారు. దోమ ఒకటి తప్పిపోయింది, ఆలస్యమవుతుందని గేటు కాపలాదారు చేత ఇంటికి కబురు చేయించారు. ఆమెకు చెవి దగ్గర ఏ చిన్న చప్పుడైనా ప్రాణం పైకి లేచిపోతోంది.

కబురు వినగానే ఇంటి దగ్గర అత్తగారు నవ్విందట. ఒక దోమ తప్పిపోతే మనింట్లోవి నాలుగు పట్టుకెళ్ళి ఇవ్వరాదూ అందట. అప్పుడు కొడుకు ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, నా పులి ఇంతవరకూ ఒక్క మనిషిని చంపలేదు. నాన్నని తీసుకుపోయింది దోమ కుట్టి వచ్చిన జ్వరమే కదా. నీ కోడలు వెతుకుతున్నది అలాంటి దోమనే."

అత్తగారు లేచి చెప్పులు వేసుకుందట.

ఇక్కడ గదిలో గోడకున్న ఫోను మోగింది. తెల్లటి ఆ గదిలో నల్లటి వస్తువు అదొక్కటే. ఆమె ఫోను తీయగానే దాని కిందినుంచి ఒక దోమ లేచి పక్కనే తెల్లగోడ మీద వాలింది. చెవిలో కాపలాదారు గొంతు: "అమ్మా, మీ అత్తగారట. కోడల్ని చూస్తేగానీ కదలనంటున్నారు. ఎంత చెప్పినా వినడం లేదు." ఆమె ఫోను పెట్టకుండానే చేతికందిన గాజుగ్లాసు తీసి మెల్లగా గోడమీద బోర్లించింది. మేడమ్ కిందినుంచి అట్టముక్క తోసింది. కోడలి చెయ్యి అప్పుడు కూడా వణకలేదు.

గేటు దగ్గర కాపలాదారు స్టూలు మీద అత్తగారు కూర్చుని, వీధి దోమలు కుట్టిన పాదాలు గోక్కుంటోంది. పక్కన పులాయన నిలబడి ఉన్నాడు. కొడుకు కోసం ఏనాడూ గుమ్మం దాటని మనిషి కోడలి కోసం గేటుదాకా వచ్చింది.

"చేతులు చూపించు."

కోడలు చాపింది. అత్తగారు వాటిని దీపం వెలుతురుకు తిప్పింది, వేలువేలూ తడిమింది, మోచేతిదాకా గుడ్డ పైకి లాగింది.

"ఈ మచ్చలు?"

"పాతవే అత్తయ్యా. మీకు తెలిసినవే."

"తెలుసు. చూడలేదు," అంది అత్తగారు. ఆ చెయ్యి వదలలేదు.

కోడలు ఏడ్చేసింది. దోమ దొరకనప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఇప్పుడు సాయంత్రాలు ఆ గుమ్మం దగ్గర ఇద్దరూ వరసలో నిలబడాలి. ముందు కోడలు. పులాయన వంతు తరవాత.