బోణీ చెయ్యి

మొన్న స్టేషను ఎదురుగా సెల్‌ఫోన్ల అంగడి పెడుతున్నతను నన్ను బోణీకి పిలవడానికి వచ్చాడు. "మీ అమ్మది మంచి చెయ్యంట గదవ్వా, మా తాత చెప్తాంటాడు," అన్నాడు. రానన్నాను. అతని మొహం చిన్నబోయింది. పాపం, అతని తప్పేమీ లేదు.

పంతొమ్మిది వందల యాభైలలో మా ఊరంటే అనంతపురం బీడు భూముల నడుమ ఒక స్టేషను, ఇంజనుకు నీళ్ళు పట్టే తొట్టి, మా నాయన గోలీసోడా అంగడి. అంతే. శెనక్కాయ మూటలు రైలెక్కడం మొదలయ్యాక వర్తకులు ఒక్కొక్కరే దిగారు. మొదట వచ్చిన బట్టల వర్తకుడి దగ్గర అమ్మ రవికె గుడ్డ కొని బోణీ చేసింది. ఆ ఏడు వానలు బాగా పడి అతని అంగడి నిలబడింది. వానలు కురిపించింది కూడా అమ్మే అన్నట్టు, ఆ తర్వాత ఆమె లేకుండా ఎవరూ అంగడి తెరవలేదు. కాఫీ హోటలొకటి ఆరు నెలలకే మూతపడితే, పొడిలో చింతగింజలు కలిపినందుకని ఎవరూ అనలేదు. బోణీ రోజున అమ్మ తుమ్మిందన్నారు. నాయనకు ఇదంతా మహా గొప్ప. అమ్మకు మాత్రం ఊరు దాటాలంటే ఊరందరి అనుమతి కావాలి. పుట్టింటికి పోయే ధర్మవరం బండి రోజూ మా గడప ముందునుంచే పోయేది. ఎక్కుదామంటే ఎవరిదో ఒక ముహూర్తం అడ్డం వచ్చేది.

ఒక బుధవారం ధర్మవరం నుంచి మా మేనమామ రైలు గార్డుతో కబురు పంపాడు. అవ్వకు, అంటే అమ్మను కన్నతల్లికి, మాట పడిపోయింది, కళ్ళు వాకిలి వైపే ఉన్నాయి, వెంటనే రమ్మని. అమ్మ బట్టలు మూటగట్టింది. అంతలో కాయలు ఒలిచే మిల్లు పెడుతున్న పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "ఏమక్కా, శుక్రవారం మిషనులో తొలి గంప నువ్వే గదా పోయాల్సింది. రెండు దినాలు ఆగి పోరాదా?"

"చెయ్యి ఒకటే ఈడ పెట్టి పోయేకైతే పెట్టిపోదును గదన్నా," అంది అమ్మ.

నాయన కసిరాడు. "ఊరంతా నీ మీద ఆశ పెట్టుకోనుంటే ఇట్లేనా మాట్లాడేది? రెండు దినాల్లో ఏం మునిగిపోతాది?"

బండి వచ్చింది, పోయింది. అమ్మ మూట విప్పలేదు.

శుక్రవారం అమ్మ గంపెడు కాయలు పోసింది. మిషను గడగడా తిరిగి పప్పు ఒకవైపు, పొట్టు ఒకవైపు రాల్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నవ్వమని నాయన సైగ చేస్తే అమ్మ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ నాయన మీద కోపమే. శనివారం మేము ధర్మవరం చేరేసరికి, అవ్వను సాగనంపి ఒక రోజైంది.

మైల మనిషి బోణీకి పనికిరాదు. అందుకని నెల మాసికం దాకా ఊళ్ళో ఎవరూ అమ్మను పిలవలేదు, నాయన కూడా రమ్మని తొందరపెట్టలేదు. పుట్టింట్లోనే, అవ్వ ఖాళీ మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది అమ్మ. రెండు రోజులు ఇవ్వనన్న ఊరు నెల రోజులు ఇచ్చింది, అవ్వ పోయాక.