బుచ్చమ్మ పంపకాలు

మా నానమ్మ బుచ్చమ్మకు కోపం రాని పూట లేదు. లాలాగూడలో మా ఇంటి పై గదిని కాలేజీ అమ్మాయిలకు అద్దెకిచ్చి, మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని, నీళ్ల మోటారుకో చెప్పులకో వాళ్లను తిడుతూ ఉంటుంది. తను పోయాక ఏ ఇత్తడి బిందె ఎవరికో ప్రతి పండక్కీ ప్రకటిస్తుంది. ఆమె పోనూ లేదు, బిందెలు కదలనూ లేదు. పై గది కల్పలత ఆమెకు మాటకు మాట అప్పజెప్పే పిల్ల. సెమిస్టర్ తప్పాక ఎంత తిట్టినా "సరే అవ్వా" అనడం మొదలుపెట్టింది. ఓ సాయంత్రం టీ కెటిల్ తెచ్చి, "నువ్వే ఉంచుకో, నాకు అక్కర్లేదు" అంది. దుప్పటి, కమ్మలు అప్పటికే స్నేహితురాళ్లకు ఇచ్చేసిందట.

నానమ్మ ముఖం ఎర్రబడింది. "పంచుడు నా అసొంటి ముసల్దాని పని. నీకేం తొందరొచ్చిందే? సావాలనుకుంటున్నవా? సక్కగ చెప్పు." కల్పలత మెట్టు మీద కూలబడి, ఏడుస్తూ అవునంది. నానమ్మ ఆమె చెయ్యి వదలకుండానే ఆ పిల్ల తండ్రికి ఫోన్ చేయించింది. "పరీక్షల టెన్షన్ అమ్మా, రెండ్రోజుల్ల పోతది" అన్నాడాయన. "మార్కులడగనీకి రోజూ ఫోన్ చేస్తవ్. బస్సెక్కనీకి తక్లీఫైతుందా?" అని అరిచింది. ఆయన వచ్చేదాకా పిల్లను తన మంచం మీదే పడుకోబెట్టుకుంది. డాక్టర్ దగ్గరికి తనూ ఆటో ఎక్కి, అక్కడ టోకెన్ కోసం పోట్లాడింది. కెటిల్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసింది. మందులు మొదలైన కొన్నాళ్లకు కల్పలత మెట్ల మీది నుంచే కేకేసింది. "నా కెటిల్ నాకియ్యి అవ్వా. నీ చాయ్ నోట్ల పెట్టుకునేటట్టు లేదు." తన చాయ్‌కి వంక పెట్టినందుకు నానమ్మ ఆ పిల్లను వీధంతా వినేలా తిట్టింది. తిడుతూనే నడుము దగ్గర తాళంచెవి వెతుక్కుంది.